పైడిరాజుని పిలిచినవాడు

మా తెలుగు సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, ఈమధ్య పోయిన మా వీధి గాయకుడి సంస్మరణ సంచికకి నేను తప్పకుండా రాయాలన్నాడు. ఆయన్ని నాకంటే దగ్గరగా చూసినవాళ్ళు కలకత్తాలో లేరట. నిజమే, చూశాను. అందుకే రాయనన్నాను. "నాలుగు మంచి మాటలు చాలండి మాస్టారూ" అని బతిమాలాడు. నాలుగు నేనెక్కణ్ణుంచి తేను? వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. ఆయన గొంతు బాగుండేది. ఆ ఒక్కటీ చెప్పేశాను కాబట్టి నా బాధ్యత తీరింది. మిగతాది నాకు తోచినట్టు రాసుకుంటాను. సంచికలో వేసుకుంటే వేసుకుంటారు, లేకపోతే లేదు.

మెడకి మఫ్లరు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఇక్కడి మే నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు, చొక్కా వీపుకి అంటుకుపోయి ఊడిరాదు. ఆ ఎండలోనూ ఉన్ని మఫ్లరే. "గొంతు, మాస్టర్‌మొశాయ్, గొంతు" అనేవాడు, ఇంట్లో చంటిపిల్ల నిద్రపోతోందన్నట్టు మెల్లగా. నన్ను మాస్టారూ అనడం ఆయనకి నామోషీ. బెంగాలీ బాబుల్లాగా మాస్టర్‌మొశాయ్ అనాలి. పుట్టింది మాత్రం ఖిదిర్‌పూర్‌లో మా వీధిలోనే. వాళ్ళ నాన్న మున్సిపాలిటీ చెత్తబండి తోలాడు, మా నాన్న రేవులో బస్తాలు మోశాడు. మా అందరి తాతలూ శ్రీకాకుళం సముద్రపొడ్డునుంచి హౌరా స్టేషన్లో దిగినవాళ్ళే.

పదిమందిలో చల్లటి నీళ్ళు ముట్టేవాడు కాదు. ఎవరైనా గ్లాసు అందిస్తే పాముని చూసినట్టు వెనక్కి జరిగేవాడు. ఒక పెళ్ళిలో అదే మనిషి మూడు కప్పుల ఐస్‌క్రీం తినడం నేను చూశాను. నేను చూడడం ఆయనా చూశాడు. "ఇది నీరు కాదు కదా, గడ్డ" అన్నాడు. ఇంకో అలవాటుంది. సంగీతం నేర్చినవాళ్ళు గురువు పేరు చెప్పేటప్పుడు భక్తితో చెవి తమ్మె ముట్టుకుంటారు. ఆయనకి గురువంటూ ఎవరూ లేరు. అందుకని తన పాత పాటల మాట వచ్చినప్పుడల్లా తన చెవి తానే ముట్టుకునేవాడు. మొదట్లో దురదేమో అనుకున్నాను.

తెలుగు చదవడం రాదు. మా వీధి పిల్లలకి తెలుగు రాదంటే నాకు కోపం లేదు, దిగులు. ఆయన సంగతి వేరు. ముప్పై ఏళ్ళు ఆయన గుమ్మానికి ఎదురుగా ఉన్న బడిలో నేను తెలుగు చెప్పాను. ఒక్కరోజు లోపలికొచ్చి అక్షరం దిద్దలేదు. పాటలన్నీ బెంగాలీ అక్షరాల్లో రాయించుకుని పాడేవాడు, ఆ అక్షరాల్లో 'వ' లేదు. ఆ దారిన వచ్చిన వెన్నెల 'భెన్నెల' అయ్యేది, వాన 'భాన' అయ్యేది. రామనవమి పందిట్లో ఆయన పాడుతుంటే జనం తల ఊపేవారు, నేను తల దించుకునేవాణ్ణి. గొంతు బాగుండబట్టి ఎవరికీ పట్టలేదు. గొంతు బాగున్నవాళ్ళకి ఈ లోకంలో చాలా చెల్లుతాయి.

పందిళ్ళలో ఆర్కెస్ట్రాలు పోయి డీజేలు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్ళు లేకపోయారు. తరవాత పద్నాలుగేళ్ళు పాడలేదు. మళ్ళీ పేరొచ్చాక ఫోన్లలో వచ్చే ఇంటర్వ్యూల్లో ఆ పద్నాలుగేళ్ళనీ "నా మౌన సాధన" అని చెప్పుకున్నాడు. ఆ మౌన సాధన ఏమిటో నాకు తెలుసు. సాల్ట్ లేక్‌లో ఇల్లిల్లూ తిరిగి మంచినీళ్ళు శుద్ధిచేసే మిషన్లు అమ్మాడు. అందులో తప్పేమీ లేదు. నిజం చెప్పాలంటే ఆయన జీవితంలో నాకు గౌరవం కలిగిన భాగం అదొక్కటే. దాన్నే దాచాడు. పెళ్ళి చేసుకోలేదు. "పాటే నా ఇల్లాలు" అనేవాడు. మరి ఆ ఇల్లాలిని పద్నాలుగేళ్ళు పుట్టింట్లో ఎందుకు వదిలేశాడో నాకు తెలియదు.

ఇక్కడ మా వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే తరవాతది అర్థం కాదు. మాలో మనిషి పోతే ఆడవాళ్ళు లోపల కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. అది ఉత్త ఏడుపు కాదు. పోయినవాడి ఊరు, తండ్రి పేరు, చేసిన పని చెప్పి, మూడుసార్లు పేరుపెట్టి పిలిచి, ఇలా నడిచిపొమ్మని దారి చెబుతారు. పరాయి ఊళ్ళో పోయినవాడు సొంతూరి దారి తెలియక తిరుగుతాడని మావాళ్ళ నమ్మకం. పెద్దకర్మ అయ్యాక ఆ పేరు ఇక ఎవరూ పిలవరు. పిలిస్తే, పోయేవాడు ఆగి వెనక్కి చూస్తాడు. ఆ ఇంట్లో మళ్ళీ బిడ్డ పుట్టి ఆ పేరు పెట్టుకున్నాకే అది నోట పలకాలి. ఈ రచనలో ఆయన పేరు ఎక్కడా రాయకపోవడానికి కారణం కూడా అదే. పెద్దకర్మ అయిపోయింది. నేను పేరు పలికి, ఆయన తిరిగొస్తే ఎవరు భరిస్తారు?

మా వీధిలో దారి చెప్పడం బాగా తెలిసిన మనిషి అప్పలమ్మ. మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చి ఊడ్చి నడుం వంగిపోయినావిడ. భర్త లేడు, ఒక్కడే కొడుకు, పైడిరాజు. ఆ పేరు నేను దాచినా ఇక దాగదు, అందుకే రాస్తున్నాను. మెటియాబ్రుజ్‌లో బట్టలు కుట్టే కార్ఖానాలో మూటలు కట్టేవాడు. పాతికేళ్ళు నిండలేదు, పెళ్ళి కాలేదు. నాలుగు రోజుల జ్వరంలో పోయాడు. ఊరందరికీ దారి చెప్పిన మనిషి ఆ రోజు తన కొడుక్కి తానే చెప్పుకుంది. మగవాళ్ళం సందులో నిలబడ్డాం. లోపల ఏ మాటకి ఏ మాట వస్తోందో మాకు తెలియదు, రాగం ఒక్కటే బయటికి వస్తోంది. నా జన్మలో అలాంటిది వినలేదు. ఆయన మఫ్లరు చుట్టుకుని కిటికీ పక్కన నిలబడ్డాడు, చేతిలో ఫోను ఎత్తి పట్టుకున్నాడు. బంధువులెవరికో కబురు చెబుతున్నాడనుకున్నాను. మంచివాడే అని కూడా అనుకున్నాను, నా బుద్ధి తగలెయ్య.

ఆరు నెలల తరవాత ఒక ఉదయం మా ఇంటికొచ్చాడు. వాళ్ళ నాన్నమ్మ పాడిన పాత పల్లెపాట ఒకటి గుర్తొచ్చిందట, మాటలు సరిగ్గా రావడం లేదట, నేను వినిపెట్టాలట. కూర్చుని పాడాడు.

*పైడిరాజా నడు నాయినా*
*ఎనక్కి సూడక నడు నాయినా*
*ఏరు దాటితే మనూరే గదా*
*ఆగకుండా నడు నాయినా*

పేరు వినగానే నాకు తెలియాలి కదా? తెలియలేదు. మావాళ్ళలో ఇంటికో పైడిరాజు ఉంటాడు, మా వీధిలోనే నలుగురు. పైగా రాగాన్ని ఆయన తాళంలో బిగించేశాడు, గెంతుకుంటూ నడుస్తోంది. అసలు సంగతి అదీ కాదు. ఆ మనిషి జీవితంలో మొదటిసారి నన్ను తెలుగు అడిగాడు. నేను పొంగిపోయాను. కళ్ళజోడు పెట్టుకుని, దీర్ఘాలు ఎక్కడ సాగాలో గుర్తులు పెట్టి, బెంగాలీ అక్షరాల్లో నా చేత్తో రాసిచ్చాను. 'ఎనక్కి'ని 'వెనక్కి' అని దిద్దబోతే, "వద్దు, మట్టివాసన పోతుంది" అన్నాడు. ఆ మాటకి కూడా మురిసిపోయాను. ఆయన మీద రాసే ప్రతి తిట్టులో నాకూ కొంచెం వాటా ఉందని ఒప్పుకుంటున్నాను.

పాట వచ్చింది. ఒక్క పాటే. వాళ్ళు సింగిల్ అంటారు. డప్పులు, డోళ్ళు, వెనక యాభైమంది 'నడు నడు' అని అరవడం. పూజల తరవాత విగ్రహాల్ని గంగకి తీసుకెళ్ళేటప్పుడు బెంగాలీ కుర్రాళ్ళు ఆ పాటకి రోడ్డుమీద ఎగిరారు. 'పోయిడిరాజా' అంటారు వాళ్ళు. అది ఒక మనిషి పేరని వాళ్ళకి తెలియదు, వాళ్ళ తప్పు కాదు. పెళ్ళిళ్ళలో అదే, ఆటోల్లో అదే, సెక్టర్ ఫైవ్ ఆఫీసు బస్సుల్లో పిల్లల ఫోన్లలో అదే. 'సంప్రదాయ గీతం, సేకరణ' అని కింద ఆయన పేరు. చిన్నప్పుడు సముద్రపొడ్డున ఒక ముసలి జాలరి పాడగా విన్నానని చెప్పేవాడు. నాన్నమ్మ పోయి జాలరి వచ్చాడు. చెప్పేటప్పుడు చెవి ముట్టుకునేవాడు. పద్నాలుగేళ్ళ తరవాత తిరిగొచ్చిన కోకిల అని ఎవరో రాశారు.

పాట వచ్చిన పదిహేను రోజులకి అప్పలమ్మ మా గుమ్మంలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"మేస్టారూ, ఆ పాట మా గుంటడిది. నాను సెప్పిన దారది. ఆ బాబుతో సెప్పి పేరు తీయించండి."

ఆ రోజు కిటికీ పక్కన ఫోను ఎందుకు ఎత్తి పట్టుకున్నాడో అప్పుడు అర్థమైంది నాకు. ఎవరు రాసిచ్చారో ఆవిడకి తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేదు. "పాటకి రావలసిన డబ్బు అడుగుదామా?" అన్నాను, తప్పు కప్పుకోడానికి.

"పాట ఆయన్నే ఉంచుకోమనండి. నాకేటి పని దాంతోటి? పేరొక్కటీ తీసీమనండి. రోజుకి ఎంతమంది పిలస్తన్నారో సూడండి. ఆడు ఏ ఏటి ఒడ్డునో ఆగిపోయి ఉంటాడు."

ఆయన అప్పటికి సాల్ట్ లేక్‌కి మారిపోయాడు. ఇద్దరం బస్సులో వెళ్ళాం. మేం వెళ్ళేసరికి ఎదురుగా ఫోను నిలబెట్టుకుని అభిమానులతో మాట్లాడుతున్నాడు, ఒక నవ్వు సరిగ్గా రాలేదని మళ్ళీ నవ్వాడు. మమ్మల్ని చూసి లేచి, వచ్చిన పని వినకముందే అప్పలమ్మ కాళ్ళమీద పడ్డాడు. విన్నాక ఏడ్చాడు. ఆ కన్నీళ్ళు దొంగవి కావు, నేను దగ్గరనుంచి చూశాను. నిజంగానే ఏడ్చాడు. నాకు ఒళ్ళు మండింది అందుకే. దొంగ ఏడుపైతే అక్కడితో వదిలేసి వచ్చేవాణ్ణి.

"అమ్మా, నీ కొడుకు పేరు ఇవాళ దేశమంతా వినిపిస్తోంది" అన్నాడు.

"అదే వొద్దంతన్నాను బాబూ. ఆడికి పెళ్ళీ నేదు, పిల్లలూ నేరు. ఆ పేరు ఎత్తుకోడానికి ఎవులూ నేరు. పిలవకండి."

"మార్చేస్తానమ్మా. మాస్టర్‌మొశాయ్, కొలతకి సరిపోయే పేరేదైనా చెప్పండి."

చెప్పబోయాను. సింహాద్రి అనుకున్నాను, పోయిన ఏడు లాంచీ దిగుతూ జారిపడ్డ మనిషి గుర్తొచ్చాడు. నీలయ్య అనుకున్నాను, నీలయ్య మా బావమరిది, పోయి మూడేళ్ళు. ఏ పేరు తట్టినా దాని వెనక ఒక శవం ఉంది. అప్పుడు అప్పలమ్మ అంది:

"నా పేరెట్టు బాబూ. అప్పలమ్మా నడు అను. నాను బతికే ఉన్నాను గదా, ఎంతమంది పిలిసినా నాకేటీ అవదు."

ఆయన కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, "అప్పలమ్మా నడు..." అని తాళం వేసుకుంటూ పాడి చూశాడు. మధ్యలో నవ్వొచ్చింది. ఇంకా బుగ్గమీద తడి ఆరలేదు, నవ్వేశాడు.

"ఏమీ అనుకోకమ్మా. కుర్రాళ్ళు పైడిరాజాకి ఎగురుతారు గానీ అప్పలమ్మకి ఎగరరు. బుఝ్లేన్ తో, మాస్టర్‌మొశాయ్?" అర్థమైందా అని నన్ను బెంగాలీలో అడిగాడు. అర్థమైంది. ఏదో ఒకటి చేస్తానని మాటిచ్చి, వాకిలిదాకా వచ్చి సాగనంపాడు. బస్సులో అప్పలమ్మ, "మంచోడే, ఏడిసినాడు" అంది.

దసరాకి మా సంఘం సభ. ఆయనకి సన్మానం. వారం ముందు ఫోన్ చేసి, "ఆ రోజు నా నోట ఆ పేరు రాదు, ఆవిణ్ణి తీసుకురండి" అన్నాడు. నమ్మాను. వయసు పెరిగితే తెలివి పెరుగుతుందని నేను పిల్లలకి చెప్పిన అబద్ధాల్లో ఒకటి. అప్పలమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఆయన ఆవిణ్ణి వేదికమీద కుర్చీలో కూర్చోబెట్టి, తన మఫ్లరు సవరించుకుని, ఆవిడకి శాలువా కప్పి, "జానపద మాత" అన్నాడు. ఫోటోలు తీశారు. పాట మొదలైంది. పేరు రావలసిన చోట ఆయన నోరు మూసుకుని మైకు జనం వైపు తిప్పాడు. హాలంతా ఒక్క గొంతుతో 'పైడిరాజా' అని అరిచింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అరిచింది. పన్నెండుసార్లు తిప్పాడు. అప్పలమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుని తల మోకాళ్ళ మీదికి వంచేసింది. పొంగిపోయి ఏడుస్తోందని జనం చప్పట్లు కొట్టారు.

దిగి నా దగ్గరికొచ్చాడు. "చూశారా? నేను పలకలేదు" అన్నాడు. మాట నిలబెట్టుకున్నవాడి మొహం అది. కొట్టాల్సింది. పంతులు ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క పిల్లవాడి మీదా చెయ్యి ఎత్తనివాణ్ణి, ఆ రోజు ఎత్తాల్సింది. ఎత్తలేదు. అప్పలమ్మని రిక్షా ఎక్కించి ఇంటికి తీసుకొచ్చాను. దారిలోనే చెప్పేశాను, ఆ మాటలు బెంగాలీలో రాసిచ్చింది నేనేనని. "మీకేటి తెల్సు మేస్టారూ" అంది. తిట్టినా బాగుండేది.

ఒక పాటతో ఎన్నాళ్ళు బతుకుతాడు? రెండోది కావాలి. మా వీధుల్లో ఎవరు పోయినా ఆయన వచ్చేసేవాడు, చేతిలో ఫోనుతో, మొహంలో దుఃఖంతో. ఆయన గుమ్మంలో కనబడగానే లోపల ఆడవాళ్ళు టక్కున నోరు మూసుకునేవారు. ముగ్గురో నలుగురో దారి చెప్పించుకోకుండానే పోయారు, ఆయన పుణ్యమా అని. వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ అది తలుచుకుని బాధపడతారు. ఆయనకి మాత్రం రెండో పాట దొరకలేదు.

పోయిన నెలలో గొంతుకి ఆవిరి పట్టుకుంటూ స్నానాల గదిలో కుప్పకూలిపోయాడు. గుండె. శవాన్ని మా వీధిలోని చెల్లెలి ఇంటికి తెచ్చారు. చెల్లెలు బెంగాలీ స్కూల్లో చదువుకున్న మనిషి, దారి చెప్పడం రాదు. సంఘం వాళ్ళు శవాన్ని తీసుకెళ్ళే బండికి పూలు కట్టి, పైన మైకు పెట్టారు. ఏం వేస్తారో అడగక్కర్లేదు కదా. చెల్లెలు వెళ్ళి అప్పలమ్మ చేతులు పట్టుకుంది. నేను అడ్డుపడ్డాను. "వెళ్ళకు అప్పలమ్మా. ఆయనకి చెప్పే దారి లేదు" అన్నాను. ఆవిడ నా మాట విననట్టే చెప్పులు విడిచి లోపలికెళ్ళింది. ఈసారి నేను సందులో ఆగలేదు, గుమ్మంలోనే నిలబడ్డాను.

ముందు చెల్లెల్ని అడిగింది, తండ్రి పేరేటి, ఊరేటి అని. "ఏటి పని సేసేవోడు?" అని కూడా అడిగింది. వెనకనుంచి సంఘం మనిషి "గాయకుడు, అందరికీ తెలుసు కదా" అన్నాడు. అప్పలమ్మ అతని వైపు చూడలేదు, చెల్లెలి వైపే చూసింది. చెల్లెలు తల దించుకుని, "నీళ్ళ మిషన్లు అమ్మేవాడు" అంది. అప్పుడు మొదలుపెట్టింది. పాటలు పాడినోడా అంది, ఇంటింటికీ మంచినీళ్ళిచ్చినోడా అంది. చెత్తబండి తోలినోడి కొడకా అంది. సముద్రపొడ్డు ఊరి పేరు చెప్పింది, ఏ స్టేషన్లో దిగాలో, ఏ ఏరు దాటాలో చెప్పింది. ఆయన్ని నిందిస్తుందని నేను కాచుకుని ఉన్నాను. ఏడుపులో ఏమన్నా ఎవరూ తప్పుపట్టరు. ఒక్క మాట అనలేదు. పేరు రావలసిన చోటు వచ్చింది. మానేస్తుందనుకున్నాను, మానేస్తే బాగుండునని గట్టిగా కోరుకున్నాను. మూడుసార్లు, మెల్లగా, స్పష్టంగా పేరు పిలిచి, నడు నాయినా అంది.

బండి కదిలింది. మైకులో పాట ఎత్తుకుంది. వీధి పొడుగునా 'పైడిరాజా, పైడిరాజా' అని అరుచుకుంటూ పోయింది. అప్పలమ్మ వీధి కుళాయి దగ్గర కూర్చుని కాళ్ళు కడుక్కుంటోంది. నేను వెళ్ళి నిలబడ్డాను. కోపం ఆగలేదు.

"ఎందుకు చెప్పావు? పేరు మింగేయాల్సింది. ఆయన కూడా తిరుగుతూ ఉండేవాడు, అప్పుడు తెలిసొచ్చేది."

ఆవిడ పాట వినిపిస్తున్న వైపు చూసింది. బండి ఇంకా మలుపు తిరగలేదు.

"మావోడు ఎలగూ ఎల్లలేకపోతన్నాడు మేస్టారూ" అంది. "ఆయన్నయినా ఎల్లనియ్యాల గదా."